హాస్టల్ లేదంటే హాస్టల్ పెట్టుకున్న అమ్మాయి



పోయిన నెల పీటీఎంలో ఒక నాన్నగారు నా టేబుల్ దగ్గర మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువసేపు కూర్చున్నారు. మార్కుల గురించి కాదు. వాళ్ల అమ్మాయి నైన్త్ క్లాస్. సోషల్ ప్రాజెక్టులో తన పెద్దమ్మ కూతురు ఇంటర్ ఎందుకు ఆపేసిందో రాసింది. బస్సు వేళలు కుదరక, సాయంత్రం చీకటి పడేసరికి ఇంటికి చేరలేక ఆపేసిందట. అది రాసినప్పటి నుంచి పబ్లిక్ పాలసీ చదువుతానని ఇంట్లో పట్టు పట్టిందట. అదేం కోర్సు మేడమ్, చదివితే ఉద్యోగం ఏమొస్తుంది అని ఆయన అడిగారు. ఆ రోజు నా వెనక ఇంకా పద్దెనిమిది మంది పేరెంట్స్ క్యూలో ఉన్నారు. సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం ద్వారా చెప్తాను. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఉన్న హాస్పిటల్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి తనకు వద్దని ఆమె చెబితే తండ్రి ఆమె పక్కనే నిలబడ్డారు. ఆ రోజుల్లో అలాంటి తండ్రి ఉండటం చిన్న విషయం కాదు. పన్నెండేళ్ల వయసులో, బడిలో ఇంగ్లీషు రుద్దడం నచ్చక చదువు మానేశారు. (ఇంగ్లీష్ మీడియం టీచర్‌ని, ఈ వాక్యం రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.) మానేసి ఊరికే కూర్చోలేదు, తోటి అమ్మాయిలకు హిందీ నేర్పే బడి పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు. ఆయనకు టికెట్ తెచ్చి ఇచ్చాకే లోపలికి పంపారు. అప్పటికి ఆమె వయసు పద్నాలుగు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఒకసారి వాళ్లను చూసి ఊహించుకోండి.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. 1933 లోపు మూడుసార్లు జైలుకు వెళ్లారు, మదురై జైల్లో ఒంటరి గదిలో కూడా ఉన్నారు. నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేది ఈ భాగమే. జైల్లో ఆమెకు మామూలు ఆడవాళ్లు కనిపించారు. చదువు లేక, చట్టం తెలియక, కోర్టులో ఏం చెప్పాలో తోచక శిక్ష పడ్డవాళ్లు. వాళ్ల మీద జాలి పడితే సరిపోదని, తాను చట్టం చదవాలని అక్కడే అనుకున్నారు. కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు! బయటికొచ్చాక, ఇరవై దాటిన వయసులో, ఇంట్లోనే కూర్చుని చదివి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు.

తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం, పొలిటికల్ సైన్స్. అప్పటి వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు సీటు ఇవ్వడానికి వెనకాడారు. అమ్మాయిలకు హాస్టల్ లేదన్నది కారణం. దుర్గాబాయి పేపర్లో ప్రకటన వేయించారు, హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలుంటే తనకు రాయమని. ఉత్తరాలు వచ్చాయి. వాళ్లంతా కలిసి ఒక ఇల్లు చూసుకుని తామే హాస్టల్ మొదలుపెట్టారు. ఇక సీటు కాదనడానికి కారణం లేకపోయింది. ఆ తర్వాత మద్రాసులో లా పూర్తి చేసి లాయరయ్యారు.

ఆ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మధ్యలో చదువు ఆపేసిన ఆడవాళ్లకు అక్కడ పాఠాలు చెప్పి, తాను రాసిన బెనారస్ మెట్రిక్‌నే వాళ్ల చేత రాయించేవారు. రాజ్యాంగ సభకు వెళ్లారు. రాజ్యసభ సభ్యులకు కనీస వయసు 35 కాదు 30 ఉండాలని సవరణ పెట్టారు. మీ పిల్లల సివిక్స్ పుస్తకంలో ఇప్పుడు ఉన్నది 30. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అయినా ప్లానింగ్ కమిషన్ సభ్యురాలయ్యారు. 1953లో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, దానికి మొదటి చైర్‌పర్సన్ ఆమే. ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ డబ్బు అందేలా చేయడం ఆ బోర్డు పని. 1958లో ఆ బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు తెచ్చింది. బడి మానేసిన ఆడవాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసుకునే పథకం అది. మద్రాసులో ఒక ఇంట్లో కొందరికి చెప్పిన పాఠం దేశమంతటికీ పథకమైంది. పబ్లిక్ పాలసీ అంటే ఏమిటని ఆ నాన్నగారు అడిగింది ఇదే. (బోర్డును కొన్నేళ్ల కిందట మూసేశారు. పాలసీలకూ ఆయుష్షు ఉంటుంది.)

మహిళా విద్య మీద జాతీయ కమిటీకి చైర్‌పర్సన్‌గా 1959లో రిపోర్టు ఇచ్చారు. ఫ్యామిలీ కోర్టులు కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 1981లో పోయారు. ఆ చట్టం వచ్చింది 1984లో.

ఇక ఉద్యోగం సంగతి. పబ్లిక్ పాలసీ ఎక్కువగా పీజీలో చదువుతారు. డిగ్రీలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, లా, ఇంజినీరింగ్ ఏదైనా చదివి రావచ్చు. శామీర్‌పేటలో రోజూ మన బస్సులు దాటే నల్సార్‌లో క్లాట్ రాసి ఐదేళ్ల లా చదివి అటు వెళ్లేవాళ్లున్నారు. రుద్రారం గీతం క్యాంపస్‌లో కౌటిల్య స్కూల్, బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల మాస్టర్స్ ఉన్నాయి. ఫీజుల్లో చాలా తేడా ఉంటుంది, ముందే అడగండి. చదివాక పరిశోధనా సంస్థలు, ప్రభుత్వ శాఖలకు సలహా ఇచ్చే కన్సల్టింగ్ కంపెనీలు, ఎన్జీవోలు, కంపెనీల సీఎస్ఆర్ విభాగాల్లో పని దొరుకుతుంది. ఎంపీల దగ్గర రిసెర్చ్ చేసే ల్యాంప్ ఫెలోషిప్ డిగ్రీ అయిన కుర్రవాళ్ల కోసమే. ఇది యూపీఎస్సీ కోచింగ్ కాదు, కలెక్టర్ పోస్టు గ్యారంటీ అసలే కాదు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉంటుందని కూడా నేను చెప్పను. లెక్కలు, స్టాటిస్టిక్స్ వదిలేస్తే మాత్రం ఈ దారిలో కష్టం. నైన్త్ నుంచే ఆ రెండూ గట్టిగా పట్టుకోవాలి.

ఆ అమ్మాయి ప్రాజెక్టు నా దగ్గరే ఉంది. తమ ఊరి నుంచి కాలేజీకి వెళ్లే అమ్మాయిలు ఎంతమంది, ఏ బస్సు ఎన్నింటికి వస్తుంది అనేది రెండో భాగంగా లెక్క వేసి తెమ్మన్నాను. వచ్చే పీటీఎంలో నా టేబుల్ మీద ఉంటుంది, చూడాలనుకున్నవాళ్లు కాసేపు ఆగండి. ఈసారి క్యూ ఉన్నా మాట్లాడతాను.