ఫాహియాన్ రాసిపెట్టిన కర్ర చప్పుడు



ఫాహియాన్ పేరు బడిలో అందరం చదువుకున్నాం. పరీక్ష కోసం పేరు గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆయన ఎందుకు వచ్చారో, ఏం చూశారో పెద్దగా పట్టించుకోలేదు. ఈసారి ఆ సంగతి చెప్పుకుందాం.

ఆయన పుట్టింది ఉత్తర చైనాలో. ముగ్గురు అన్నలు చిన్నతనంలోనే చనిపోయారు. ఈ బిడ్డయినా దక్కాలని తండ్రి మూడేళ్ళకే సంఘానికి అప్పగించాడు. పెద్దయ్యాక ఆయన్ని ఒక వెలితి బాధించింది. సంఘం ఎలా నడవాలో చెప్పే వినయ గ్రంథాలు చైనాలో అరకొరగానే ఉన్నాయి. అవి తెచ్చుకోవాలని క్రీ.శ. 399లో, అరవై ఏళ్ళకు అటూ ఇటూ వయసులో, కొద్దిమంది భిక్షువులతో చాంగాన్ నుంచి బయల్దేరారు. ఎడారిలో చచ్చినవాళ్ళ ఎముకలే దారి గుర్తులు. మంచుకొండల్లో తోటి భిక్షువు ఒకరు ఆయన కళ్ళముందే ప్రాణం విడిచారు.

మధుర దాటి మధ్యదేశంలోకి వచ్చాక అంతా కొత్తగా కనిపించింది. రాజులు కిరీటం తీసి పక్కనపెట్టి, భిక్షువులకు తమ చేత్తో వడ్డిస్తున్నారు. జనం ప్రాణిని చంపరు, మత్తు ముట్టరు, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. బజారులో గవ్వలతో బేరాలు. ఇవన్నీ సంతోషంగా రాసుకున్నారు.

అక్కడే ఇంకో మాట కూడా రాశారు. చండాలులు అందరికీ దూరంగా బతుకుతున్నారు. నగరంలోకో బజారులోకో అడుగుపెట్టేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ రావాలి. ఆ చప్పుడు విని మిగతావాళ్ళు తగలకుండా తప్పుకుంటారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు అది రోజూ వినే చప్పుడే. కొత్తగా వచ్చిన మనిషికి అది వింత. ఆయన దాన్ని ఖండించలేదు, నిజమే. కానీ దాచిపెట్టనూ లేదు.

1948లో వెలువడిన అస్పృశ్యుల గ్రంథంలో బాబాసాహెబ్ ఈ సాక్ష్యాన్ని తరచి చూశారు. చండాలుల గురించిన ఈ ఒక్క మాటతోనే అంటరానితనం అప్పటికే ఉందని తేల్చలేమన్నారు. మిగతా ఆధారాలు కూడా చూసి, అది సుమారు క్రీ.శ. 400లో పుట్టిందని నిర్ణయించారు. బౌద్ధానికీ బ్రాహ్మణవాదానికీ జరిగిన పోరులో దాని మూలం చూపించారు. సరిగ్గా ఆ కాలంలోనే ఫాహియాన్ ఈ నేల మీద నడిచారు.

పాటలీపుత్రంలో మూడేళ్ళు ఉండి సంస్కృతం నేర్చుకుని, వినయాన్ని రాసుకున్నారు. వెంట వచ్చిన తావోచెంగ్ అక్కడి భిక్షువుల క్రమశిక్షణ చూసి ఇక్కడే ఉండిపోయారు. ఫాహియాన్ మాత్రం తన జనానికి ఇవ్వాలని తిరుగుదారి పట్టారు. సింహళంలో ఒకనాడు, బుద్ధ విగ్రహం దగ్గర ఎవరో వర్తకుడు సమర్పించిన చైనా పట్టు విసనకర్ర చూసి ఇల్లు గుర్తొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో తుఫాను పట్టుకుంది. ఈ శ్రమణుడి వల్లే కీడు వచ్చింది, దీవిలో దించేద్దాం అన్నారు ఓడలోని బ్రాహ్మణులు. ఆయనకు అండగా ఉన్న ఒక దాత అడ్డుపడ్డాడు. ఊరి బయటికి నెట్టడం అంటే ఏమిటో ఆయనకూ ఆ రోజు తెలిసే ఉంటుంది. ఎలాగో చైనా చేరి, నాన్‌జింగ్‌లో బుద్ధభద్రునితో కలిసి వినయాన్ని అనువదించారు. ఎనభై దాటాక కన్నుమూశారు.

మరి మన సంగతేమిటి? భిక్షువులకు రాజులు వడ్డించిన దేశంలోనే కర్ర చప్పుడూ వినిపించింది. దానం, పూజ ఉన్నంత మాత్రాన ధమ్మం ఉన్నట్టు కాదు. మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నాం, గోడకు బుద్ధుడి పటం పెట్టుకున్నాం. అయినా పెళ్ళి మాట రాగానే ఏ ఉపకులం అని అడిగే ఇళ్ళు మనలోనే ఉన్నాయి. మనకు అలవాటై వినిపించని చప్పుడు అదే. మన ఇంటికి రేపు ఒక ఫాహియాన్ వస్తే ఏం రాసుకుని వెళ్తాడో, ఈ ఆదివారం విహారంలో కూర్చుని మాట్లాడుకుందాం.

జై భీమ్. నమో బుద్ధాయ.