ద్వారం వెంకటస్వామినాయుడు

ద్వారం వెంకటస్వామినాయుడు (నవంబర్ 8, 1893 - నవంబర్ 25, 1964) ఇరవయ్యవ శతాబ్దపు దక్షిణ భారతదేశంలో అగ్రగణ్యుడైన వాయులీన విద్వాంసుడు. జనం ఈయనను ఫిడేలు నాయుడుగారని పిలుచుకొనేవారు. అప్పటివరకు గాయకుని పక్కన సహకార వాద్యంగా ఉన్న ఫిడేలుకు ప్రత్యేక కచేరీ స్థాయిని కల్పించినవారిలో ముఖ్యుడు. పాశ్చాత్య వాదన పద్ధతిలోని కమాను నైపుణ్యాన్ని కర్ణాటక సంగీతానికి అన్వయించి, తనదైన బాణీని ఏర్పరచాడు.

బాల్యం

వెంకటస్వామినాయుడు 1893లో దీపావళి నాడు బెంగుళూరులో జన్మించాడు. తండ్రి మాణిక్యాలనాయుడు సైన్యంలో ఉద్యోగి. పదవీ విరమణ తరువాత ఆయన కుటుంబంతో విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. అందువలన పుట్టుక బెంగుళూరైనా నాయుడు పెరిగినది, ఫిడేలు పట్టినది విశాఖపట్నంలోనే. ఇంట్లో సంగీతం ఉండేది. అన్న వెంకటకృష్ణయ్య వద్ద ఫిడేలు నేర్చుకున్నాడు. చిన్ననాటి నుండి చూపు మందగించి ఉండడం వలన బడి చదువు ముందుకు సాగలేదు. పుస్తకం చూసి వాయించే వీలు తక్కువ కనుక చెవినే నమ్ముకున్నాడు. గురువు పాడినదానిని విని పట్టుకోవడం మన సంగీతంలో ఎలాగూ ప్రధానమైనదే.

విజయనగరం

విశాఖపట్నం నుండి పెందుర్తి, కొత్తవలసల మీదుగా రైలులో సుమారు 60 కిలోమీటర్లు వెళితే విజయనగరం వస్తుంది. 1919లో అక్కడ పూసపాటి సంస్థానాధీశులు సంగీత కళాశాలను స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమ అధ్యక్షుడు. విద్యార్థిగా చేరే ఉద్దేశంతో అక్కడికి వెళ్ళిన నాయుడి వాద్యం విని, ఆయనను ఫిడేలు ఆచార్యునిగానే నియమించారన్నది ప్రసిద్ధమైన విషయం. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. 1936లో నారాయణదాసు తరువాత కళాశాల అధ్యక్ష పదవిని చేపట్టాడు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు, గాయని పి.సుశీల ఈ కళాశాలలో చదువుకున్నవారే.

పరదేశపు వాద్యం

ఫిడేలు మన వాద్యం కాదు. పందొమ్మిదవ శతాబ్దం తొలి రోజులలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా సంగీతజ్ఞుల నుండి దీనిని నేర్చి, కర్ణాటక సంగీతంలోనికి తెచ్చాడు. మనవారు దీనిని నేలపై కూర్చుని, తలభాగాన్ని కుడి చీలమండపై ఆనించి, రెండవ కొసను ఎడమ భుజానికి, రొమ్ముకు ఆనించి వాయిస్తారు. ఇందువలన వాద్యాన్ని మోసే పని ఎడమచేతికి ఉండదు. వేళ్ళు తంతిపై స్వేచ్ఛగా జారుతాయి, గమకం పలుకుతుంది. నాలుగు తంతులను కూడా షడ్జ పంచమాలకు శ్రుతి చేసుకొంటారు.

అదే ఐరోపా నుండి వచ్చిన పియానో మాత్రం కచేరీ వేదికపై నిలవలేదు. ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరస్థానం పలుకుతుంది. స్వరానికి స్వరానికి మధ్యనున్న జారుకు అందులో తావు లేదు. తోడి రాగంలోని గాంధారాన్ని కదిలించకుండా పలికిస్తే అది తోడి అనిపించుకోదు.

నాయుడి కాలానికి మనవారి ఎడమచేతి పనితనం ఎంతో పెరిగింది గాని, కుడిచేతిలోని కమానుపై అంత శ్రద్ధ ఉండేది కాదు. నాయుడు పాశ్చాత్య విద్వాంసుల కమాను పద్ధతులను పరిశీలించి, నిడివైన, తెగని కమానుతో మృదువైన, నిండైన నాదాన్ని రాబట్టాడు. శబ్దవర్ధక యంత్రాలు వ్యాపించని రోజులలో పెద్ద సభలలో ఫిడేలు వినిపించడమే కష్టం. మైసూరు టి.చౌడయ్య ఈ చిక్కును ఏడు తంతుల ఫిడేలుతో పరిష్కరించుకున్నాడు. నాయుడు నాలుగు తంతులతోనే ఉండి కమానును సాధన చేశాడు. వీరిద్దరిని, కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళైని కలిపి ఆ తరపు వాయులీన త్రయంగా పరిగణిస్తారు.

కృతి, పాఠాంతరం, స్వేచ్ఛ

ఐరోపాలో స్వరకర్త తన రచనను కాగితంపై వ్రాసి ఇస్తాడు. వాద్యకారుడు దానిని ఎంతవరకు మార్చవచ్చుననేది అక్కడ పాత వివాదమే. ఫ్రాంజ్ లిస్ట్, బుసోని వంటి పియానో విద్వాంసులు ఇతరుల రచనలను తమ చేతివాటానికి తగినట్లు తిరిగి వ్రాసుకున్నారు. నాయుడికి సమకాలికుడైన వియన్నా వాయులీన విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్ అంతకంటె దూరం వెళ్ళాడు. పూర్వ స్వరకర్తల పేర తాను వాయిస్తూ వచ్చిన కొన్ని రచనలు నిజానికి తనవేనని 1935లో వెల్లడించాడు.

మన సంగీతంలో సమస్య వేరు. త్యాగరాజు తన కృతులను తానే స్వరపరచి వ్రాసిన ప్రామాణిక ప్రతి లేదు. ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్య పరంపరల ద్వారా అవి మనకు చేరాయి. ఒకే కృతికి ఒక్కొక్క పరంపరలో ఒక్కొక్క పాఠాంతరం ఉంటుంది. సంగతులలో త్యాగరాజు కట్టినవి ఏవో, శిష్యులు చేర్చినవి ఏవో చాలాచోట్ల తేల్చడం కష్టం. చిన్నస్వామి ముదలియార్ 1890వ దశకంలో ఈ కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేయడానికి పూనుకున్నాడు. సుబ్బరామ దీక్షితులు గమక చిహ్నాలతో సహా తెలుగు లిపిలో కూర్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయాపురంలో వెలువడింది. అయినా విద్యార్థి కృతిని పుస్తకం నుండి గాక గురుముఖతః నేర్వడమే ఆచారంగా నిలిచింది.

కాబట్టి కర్ణాటక విద్వాంసుని స్వేచ్ఛకు హద్దులు సంప్రదాయంలోనే ఉన్నాయి. కృతి కల్పిత సంగీతం. దానిని గురువు నేర్పిన పాఠం ప్రకారం వాయించాలి. ఆలాపన, నెరవు, కల్పన స్వరాలు మనోధర్మం. అక్కడ విద్వాంసుడే కర్త. పాశ్చాత్య కచేరీ రచనలలో వాద్యకారునికి విడిచిపెట్టే కెడెంజా అనే భాగం దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. కాని కాలక్రమంలో దానినీ ముందుగా వ్రాసుకొని వాయించడం పరిపాటి అయింది. మన కల్పన స్వరం వేదికపైనే పుట్టాలి.

సహకార వాద్యకారునికి ఈ స్వేచ్ఛ కూడా సగమే. గాయకుడు ఎత్తుకొన్న రాగాన్ని, ఆయన పాఠాంతరాన్ని అనుసరించి వాయించాలి, ఆయన విడిచిన చోట బదులు చెప్పాలి. 1938లో వేలూరులో నాయుడు తొలిసారి ప్రత్యేక కచేరీ చేసినప్పుడు ఈ కట్టుబాటు తొలగింది. దానితోపాటు గాయకుని అండ కూడా పోయింది. పాటలో మాట ఉంది, తంతికి మాట లేదు. వేగం చూపాలనే ఆశతో కమానును అడ్డదిడ్డంగా విరిస్తే సాహిత్యంలోని పదం మధ్యలో తెగి, వాగ్గేయకారుడు కూర్చినది స్వరాల వరుసగా మాత్రమే మిగులుతుంది. ప్రత్యేక వాదనలో అసలు ప్రమాదం ఇదే. కమాను నిడివి, ఒత్తిడి చేతిలో ఉన్నవాడే పదాన్ని పదంగా పలికించగలడు. నాయుడు పాశ్చాత్యుల నుండి తెచ్చుకొన్న నైపుణ్యం ఇక్కడ కృతికే ఉపకరించింది. ఆయన తెచ్చిన మార్పు ప్రధానంగా నాదంలోను, దానిని పుట్టించే చేతిలోను ఉంది. విదేశీ పద్ధతి నేర్చినవాడు బాణీనే మార్చివేస్తాడనే అనుమానానికి ఇంతకంటె మంచి సమాధానం ఉండదు.

ఆయన గ్రామఫోను రికార్డులు నేటికీ లభిస్తున్నాయి. ఆనాటి రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు కనుక మనోధర్మానికి వాటిలో చోటు తక్కువ. కచేరీలో విస్తరించే రాగం వాటిలో కొన్ని క్షణాలకు కుదించుకుపోయింది. వాటిని విని ఆయన ఆలాపనను అంచనా కట్టడం సరికాదు. నాదశుద్ధిని మాత్రం గుర్తించవచ్చు. నాయుడు తంబురా లక్షణాలను గురించి వ్యాసం కూడా వ్రాశాడు. శ్రుతిపై ఆయనకున్న పట్టుదలకు అది తగినదే.

గౌరవాలు, చివరి రోజులు

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుది మెనుహిన్, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట నాయుడి వాద్యాన్ని విని ముగ్ధుడైనాడు. తన వాద్యాన్ని నేలపై కూర్చుని, వేరు శ్రుతిలో, కాగితం లేకుండా వాయించే విద్వాంసుని ఆయన అక్కడ చూశాడు.

నాయుడి విద్య ఆయన కుటుంబంలోను కొనసాగింది. కుమార్తె ద్వారం మంగతాయారు, కుమారుడు ద్వారం భావనారాయణరావు సంగీత విద్వాంసులుగా పేరు పొందారు. నాయుడు 1964 నవంబర్ 25న మరణించాడు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపును విడుదల చేసింది. విశాఖపట్నంలో ఆయన పేరున ఒక కళాక్షేత్రం ఉంది.