ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ మహాశయుడు

వెగెనర్ 1880వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. ఖండములు కదలుచున్నవని 1912లో ప్రకటించి పలువురు పండితుల పరిహాసమునకు గురియయ్యెను. అది వేరొక కథ. ఇచట చెప్పదలచినది గ్రీన్‌లాండు మంచును గూర్చి.

ఆ మంచు ఎంత లోతుండునో నాడు నిశ్చయముగా నెవ్వరును ఎరుగరు. అడుగువరకు త్రవ్వి చూచుట అసాధ్యము. 1929లో వెగెనర్ బృందమువా రొక యుపాయమును పరీక్షించిరి. మంచుపై మందుగుండు ప్రేల్చినచో ఆ కంపము అడుగునగల రాతిని తాకి, బావిలో వేసిన కేకవలె మరలివచ్చును. భూకంపములను నమోదుచేయునట్టి యంత్రముతో ఆ కాలమును కొలిచి లోతును గణింపవచ్చును. రెండున్నర కిలోమీటర్ల మంచునైనను కంపము పోయివచ్చుటకు సెకనున్నర పట్టదు!

1930లో పశ్చిమతీరమునకు సుమారు 400 కిలోమీటర్ల లోపల ఐస్‌మిట్టె కేంద్రమును నెలకొల్పిరి. అచటివారికి శీతకాలపు సామగ్రి చాలదని వెగెనర్ స్వయముగా కుక్కల బండ్లతో బయలుదేరెను. తోడివచ్చిన గ్రీన్‌లాండు వాసులలో రాస్మస్ విల్లుమ్‌సెన్ అను యువకుడొక్కడే తుదివరకు నిలిచెను. వెనుదిరిగినవారిని తప్పుపట్టలేము; చలి అట్టిది. కేంద్రమున తిండి అందరికి చాలదు. కావున తన 50వ జన్మదినమున వెగెనర్ ఆ యువకునితో తిరుగుప్రయాణమయ్యెను. వారు తీరము చేరలేదు.

1931లో సహచరులు ఐస్‌మిట్టెలో ఆ పద్ధతినే కొలువగా మంచు రెండున్నర కిలోమీటర్లకు తక్కువ కాదని తేలెను. ఆ మే నెలలోనే వెగెనర్ దేహము కనబడెను. రాస్మస్ దానిని శ్రద్ధగా మంచులో పాతి, స్కీలను గుర్తుగా నిలిపియుండెను. ఆ యువకుని జాడమాత్రము నేటికిని దొరకలేదు.