విషంలో మందును చూసిన డాక్టరు

పక్షవాతం వచ్చి ఏడాది దాటిన వారిలో కొందరికి మోచెయ్యి ముడుచుకుపోయి, పిడికిలి బిగుసుకుపోతుంది. వేళ్లు విప్పి గోళ్లు తీయాలన్నా, అరచెయ్యి కడగాలన్నా, చొక్కా తొడగాలన్నా ఇంట్లోవాళ్లకు రోజూ అవస్థే. నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాల పల్లెల్లోనైనా ఇది కొత్త కాదు. వైద్యంలో దీన్ని స్పాస్టిసిటీ అంటాం. ఈ బిగువును సడలించేందుకు ఇప్పుడు బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ వాడుతున్నాం. ముడతలు పోగొట్టే బొటాక్స్ అని చాలామంది విన్నది దీని గురించే. ఈ విషం మందుగా పనికొస్తుందని రెండొందల ఏళ్ల కిందటే ఊహించిన డాక్టరు యుస్టినుస్ కెర్నర్.

కెర్నర్ 1786 సెప్టెంబరు 18న జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. కొంతకాలం బట్టల కర్మాగారంలో పని చేశారు. 1804లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరి, 1808లో పట్టా పుచ్చుకున్నారు. చిన్న చిన్న ఊళ్లలో వైద్యం చేస్తూ 1819లో వైన్స్‌బర్గ్ చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. ఆయన దేశంలో కవిగానే ఆయనకు ఎక్కువ పేరు. ఆయన కవితలకు షూమన్ అనే ప్రసిద్ధ సంగీతకారుడు బాణీలు కట్టారు.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఓ వింత జబ్బు మనుషుల్ని బలి తీసుకునేది. జంతువుల రక్తం, కాలేయంతో చేసి పొగబెట్టి దాచుకున్న సాసేజీలు తిన్నవారికి ఒకటి రెండు రోజుల్లో చూపు రెండుగా కనిపించేది. కనురెప్పలు వాలిపోయేవి. నోరు ఎండిపోయి, మింగుడు పడక, గొంతు పెగలక, కాళ్లూ చేతులూ చచ్చుబడేవి. చివరికి ఊపిరి ఆగిపోయేది. అప్పటివరకూ తెలివి మాత్రం చెక్కుచెదిరేది కాదు.

కెర్నర్ ఆ బాధితుల వివరాలను ఒక్కొక్కటిగా రాసిపెట్టారు. 1820లో 76 మంది గురించి, 1822లో 155 మంది గురించి పుస్తకాలు ప్రచురించారు. పాడైన సాసేజీల నుంచి సారం తీసి జంతువులకు ఇచ్చి చూశారు. ఆఖరికి కొన్ని చుక్కలు తన నాలుక మీదే వేసుకున్నారు. ప్రమాదకరమైన ఆ పని ఎవరూ అనుకరించదగ్గది కాదు. కానీ ఆయన తేల్చిన విషయాలు నేటికీ నిలబడ్డాయి. ఈ విషం మెదడును, స్పర్శను ముట్టుకోదు, నరం నుంచి కండరానికి వెళ్లే ఆదేశాన్ని అడ్డుకుంటుంది. గాలి తగలని చోట పుడుతుంది. అందుకే సాసేజీలను బాగా ఉడికించాలని ఆయన హెచ్చరించారు. మన పచ్చళ్లలో ఉండే పులుపు, ఉప్పు ఈ క్రిమిని పెరగనివ్వవు. ఉబ్బిన డబ్బాల్లోని ఆహారాన్ని మాత్రం రుచి కూడా చూడకూడదు.

అక్కడితో ఆగకుండా ఆయన మరో అడుగు వేశారు. ఎక్కువైతే కండరాన్ని చచ్చుబడేసే పదార్థం, అతి కొద్ది మోతాదులో ఇస్తే అదుపు తప్పిన నరాలను శాంతింపజేయవచ్చు కదా అని ఆలోచించారు. అయితే విషాన్ని శుద్ధి చేసే పద్ధతి గానీ, మోతాదు కొలిచే దారి గానీ అప్పుడు లేవు. ఆ ఆలోచన కాగితం మీదే మిగిలింది. చూపు మందగించి 1851లో ఆయన ఉద్యోగం మానుకున్నారు. మూడేళ్లకు భార్య పోయారు. కాగితం మీద పడిన సిరా మరకలను మడిచి బొమ్మలుగా తీర్చుతూ కాలం గడిపిన కెర్నర్ 1862 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

1895లో బెల్జియంలో ఉప్పు పట్టించిన పంది మాంసం తిని కొందరు జబ్బుపడ్డారు. ఆ మాంసంలోనే వాన్ ఎర్మెంగెమ్ ఈ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 1970ల్లో అమెరికా కంటి వైద్యుడు అలన్ స్కాట్ శుద్ధి చేసిన టాక్సిన్‌ను మెల్లకన్నుకు వాడారు. 1989లో అక్కడ దీనికి మందుగా అనుమతి వచ్చింది. పెద్దవాళ్ల చేతి బిగువుకు 2010లో వచ్చింది.

మరి ఇది ఎంత పనిచేస్తుందో తెలిసేదెలా? కీలును వంచి చాపి, బిగువును 0 నుంచి 4 వరకూ అంచనా కట్టే ఆష్‌వర్త్ స్కేలు ఒక పద్ధతి. కానీ అంకె తగ్గినంత మాత్రాన ఇంట్లో ఇబ్బంది తగ్గినట్టు కాదు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో పక్షవాతం తర్వాత మణికట్టు, వేళ్లు బిగిసిన 126 మందిలో కొందరికి టాక్సిన్, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. శుభ్రత, దుస్తులు, నొప్పి, చెయ్యి ఉండే తీరు, ఈ నాలుగింటిలో ఎవరి ముఖ్య ఇబ్బందిని వారే ఎంచుకున్నారు. ఆరు వారాలకు టాక్సిన్ తీసుకున్నవారిలో 62 శాతం మందికి అందులో మెరుగు కనిపించింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలోనూ 27 శాతం మందికి కనిపించింది. బాగైనట్టు అనిపించటం వేరు, మందు వల్ల బాగవటం వేరు. అందుకే కొలత కావాలి.

ఈ ఇంజెక్షన్ ఖరీదైనది. ప్రభావం కొద్దిరోజుల్లో మొదలై, నాలుగు నుంచి ఆరు వారాలకు బాగా తెలిసి, సుమారు మూడు నెలలకు తగ్గిపోతుంది. పోయిన బలాన్ని ఇది తిరిగి తీసుకురాదు. ఏళ్ల తరబడి కదలక కురచబడి గట్టిపడిన కండరం దీనికి లొంగదు. కాబట్టి ఇంజెక్షన్‌కు ముందే మీరు, డాక్టరు కలిసి ఒకటి రెండు లక్ష్యాలు రాసుకోండి. అరచెయ్యి కడగటానికి ఎంతసేపు పడుతోంది, చొక్కా తొడగటానికి ఎందరి సాయం కావాలి అన్నది చూసి, ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ఆరు వారాలకు మళ్లీ తీసి పోల్చండి. వేళ్లు సడలిన ఆ కొద్ది నెలల్లోనే ఫిజియోథెరపీ గట్టిగా చేయించాలి. ఇంజెక్షన్ తర్వాత మింగటం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, మాట తేడా వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.