ఒకే కథ మూడుసార్లు చెప్పిన మనిషి: ఒసాము తెజుకా

జపాన్ కార్టూన్లు చూసే పిల్లలున్న ఇళ్ళల్లో ఈమధ్య ఒక తగువు తరచుగా వినబడుతోంది. పాత సీరియల్ బాగుందా, అదే కథను మళ్ళీ తీసిన కొత్తది బాగుందా అని. మాయాబజార్‌కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు మన పెద్దవాళ్ళ మధ్యా ఇలాంటి తగువే జరిగింది కనుక పిల్లలను తప్పుపట్టడానికి లేదు. అయితే జపాన్‌లో ఈ ముచ్చట ఎక్కువగా ఒక మనిషి కథల చుట్టూ తిరుగుతుంది. ఆయన పేరు ఒసాము తెజుకా. మన కుటుంబాలలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా దగ్గరి తొయొనాకాలో పుట్టారు. పెరిగింది తకరజుకాలో. ఆ ఊరు ఒక సంగీత నాటక సమాజానికి ప్రసిద్ధి. అందులో అందరూ ఆడవాళ్ళే, మగవేషాలూ వాళ్ళే కడతారు. మన స్థానం నరసింహారావు గారి విద్యకు తలకిందులన్నమాట. తల్లి పిల్లవాణ్ణి ఆ నాటకాలకు తీసుకువెళ్ళేది. తండ్రి ఇంట్లో ప్రొజెక్టరు పెట్టి డిస్నీ, చాప్లిన్ చిన్న సినిమాలు వేసేవాడు. పిల్లవాడికి పురుగుల పిచ్చి. ఒసాముషి అనే ఒక నేలపురుగు పేరు తన పేరుకు దగ్గరగా ఉందని, పేరు రాసుకునేటప్పుడు పురుగు అనే అక్షరాన్ని చివర చేర్చుకున్నాడు. లోకం ఇప్పటికీ ఆ పేరు అలాగే రాస్తోంది.

యుద్ధకాలంలో చదువు మాన్పించి ఫ్యాక్టరీ పనికి పంపారు. 1945లో ఒసాకా మీద పడిన బాంబుల్లోంచి ప్రాణంతో బయటపడ్డాడు. ఆయన కథల్లో అంత మంట, అంత చావు ఎందుకుంటాయో ఆ వేసవి గురించి తెలిస్తే అర్థమవుతుంది. అదే ఏడు ఒసాకాలో వైద్యవిద్యలో చేరాడు. చదువుతూనే బొమ్మల కథలు గీశాడు. 1947లో వచ్చిన కొత్త ట్రెజర్ ఐలండ్ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. వైద్యమా, బొమ్మలా అన్న సందేహం వచ్చినప్పుడు, నీకు ఏది ఇష్టమో అదే చెయ్యమని తల్లి చెప్పిందట. ఆ కాలంలో డాక్టరయ్యే కొడుకుతో ఆ మాట అనగలిగిన తల్లులు ఎందరుంటారు? ఆయన డాక్టరు పరీక్షా పాసయ్యాడు, 1961లో వైద్యంలో డాక్టరేటూ తీసుకున్నాడు. చేతిలో మిగిలింది మాత్రం కుంచే.

1952లో మొదలైన ఆటమ్ కథ ఆయనను ఇంటింటి మనిషిని చేసింది. ఇంగ్లీషు పేరు ఆస్ట్రో బాయ్. తెన్మా అనే శాస్త్రవేత్త కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. దుఃఖం తట్టుకోలేక అచ్చం కొడుకులాంటి రోబోను చేయిస్తాడు. రోబో పెరగదు కదా! ఏళ్ళు గడిచినా బిడ్డ ఎత్తు పెరగలేదని కోపం వచ్చి దాన్ని సర్కస్‌కు అమ్మేస్తాడు. ఒచానొమిజు అనే ముసలి ప్రొఫెసరు తెచ్చుకుని సాకుతాడు. పోయిన బిడ్డ స్థానంలో ఇంకొకణ్ణి తయారుచేస్తే వాడు ఆ బిడ్డవుతాడా అన్నది కథ మూలంలోనే ఉంది. తర్వాత ఈ కథకే మూడు టీవీ అవతారాలు రావడం విచిత్రం.

మొదటి అవతారం 1963 జనవరి 1న. తెజుకా సొంతంగా పెట్టిన ముషి ప్రొడక్షన్ దాన్ని తీసింది. వారానికి అరగంట, నలుపు తెలుపు, మొత్తం 193 భాగాలు. అప్పటిదాకా సెకనుకు పన్నెండో ఇరవైనాలుగో బొమ్మలు గీసే పద్ధతి. ఆ లెక్కన వారానికో అరగంట సాధ్యం కాదు. తెజుకా ఎనిమిదికి, ఒక్కోచోట ఇంకా తక్కువకు దించాడు. మాట్లాడేటప్పుడు పెదాలు మాత్రం కదలడం, ఒకే నిలకడ బొమ్మ మీద కెమెరా జరపడం, ఒకసారి గీసిన ఎగిరే బొమ్మను దాచిపెట్టుకుని పదిసార్లు వాడడం, ఇవీ ఉపాయాలు. కథలో బలం ఉంది గనుక జనం పట్టించుకోలేదు. చూసేవారి లెక్క ఒకదశలో నలభై శాతం దాటింది. అదే ఏడు అమెరికాకూ వెళ్ళింది.

ఇందులో ఒక చేదు విషయం ఉంది. టీవీవాళ్ళకు ఆయన ఒప్పుకున్న ధర ఖర్చుకన్నా తక్కువ. లోటును చాక్లెట్లు, బొమ్మల మీద వచ్చే రాబడితో పూడ్చాలని లెక్క. గుమాస్తాగా బిల్లులు రాసి రిటైరైనవాణ్ణి. ఒకరు నష్టానికి టెండరు వేస్తే మరుసటేడు అదే రేటు అవుతుందని నాకు తెలుసు. జపాన్‌లోనూ అంతే జరిగింది. బొమ్మలు గీసేవాళ్ళ తక్కువ జీతాలకు, రాత్రిపగలు పనికి బీజం అక్కడ పడిందని, తెజుకా పోయిన తర్వాత హయావో మియజాకీ కూడా గట్టిగానే విమర్శించారు. ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది.

ఆటమ్ రెండో అవతారం 1980లో, రంగుల్లో, 52 భాగాలు. ఇది తెజుకా స్వయంగా దగ్గరుండి తీసుకున్నది. పాతదానిలో ఆయన గీసిన కథలు అయిపోయాక స్టూడియోవాళ్ళు కొత్త కథలు అల్లుతూ పోయారు, వరస చెదిరింది. ఇందులో కథలను ఏరి మళ్ళీ చెప్పారు. ఆటమ్ నమూనా దొంగిలించి చేసిన అట్లాస్ అనే రోబోను ఎదురుగా నిలబెట్టారు. మూడోది 2003లో, ఆయన పోయాక. కథలో ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7, దానికి సరిగ్గా ఒకరోజు ముందు మొదలుపెట్టారు. బొమ్మ మహా సొగసు. కాని పాతదానిలో మొదట్లోనే చెప్పేసే తెన్మా కథను ఇందులో దాచిపెట్టి నెమ్మదిగా విప్పారు, ఆ తండ్రినే పెద్ద ప్రతినాయకుణ్ణి చేశారు. నాకు మాత్రం 1963 నాటి తెన్మాయే నిజమనిపిస్తాడు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి చేసిన తప్పు వేరు, కుట్రదారు చేసే తప్పు వేరు.

తెల్ల సింహం లియో కథ 1965లో టీవీకి వచ్చింది, జపాన్ మొదటి రంగుల కార్టూన్ సీరియళ్ళలో అదొకటి. అమెరికా కొనుగోలుదారులకు సింహం పిల్లగానే ఉండాలి, విషాదం ఉండకూడదు. తెజుకా గీసిన మూలంలో లియో మంచుకొండ మీద తోడున్న మనిషిని బతికించడానికి తన మాంసాన్ని, చర్మాన్ని ఇచ్చి చనిపోతుంది. శిబి చక్రవర్తి కథ వింటూ పెరిగిన మనకు అది కొత్తగా తోచదు. ఆ ముగింపును 1997 సినిమా తెరకు ఎక్కించింది. ఇక్కడ మళ్ళీ తీసిందే మూలానికి దగ్గర.

దొరోరో సంగతి ఇంకా ఆసక్తికరం. రాజ్యం కోసం ఒక ప్రభువు పుట్టబోయే కొడుకు అవయవాలను భూతాలకు ధారపోస్తాడు. ఆ కొడుకు హ్యక్కిమారు ఒక్కో భూతాన్ని చంపి ఒక్కో అవయవం తిరిగి తెచ్చుకుంటాడు. తెజుకా 1967లో మొదలుపెట్టి హడావుడిగా ముగించేశాడు. 1969 సీరియల్ నలుపు తెలుపు, 26 భాగాలు. 2019లో 24 భాగాలుగా మళ్ళీ తీసినప్పుడు 48 భూతాలను 12 చేశారు. పాతదానిలో హ్యక్కిమారు ఏదో ఉపాయంతో మాట్లాడతాడు. కొత్తదానిలో మొదట వినలేడు, మాట్లాడలేడు. చెవులు వచ్చిన రోజున లోకం చప్పుడు భరించలేక విలవిలలాడతాడు. పైగా ఒక్కో భూతం చచ్చినకొద్దీ ఆ దేశానికి కరువు, చీడ తిరిగొస్తాయి. తన శరీరం తను అడగడం న్యాయమా, ఊరంతా బతకడం న్యాయమా? ఈ ముడి మూలంలో ఇంత బిగిసి లేదు. మూలాన్ని మించిన పునర్నిర్మాణం ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

అయినా మూలం అంటూ దేన్ని పట్టుకోవాలి? తెజుకా తన రాతనే ఒకచోట ఉంచిన మనిషి కాడు. మగవేషంలో రాజ్యం ఏలే రాకుమారి కథను పదేళ్ళ తేడాతో రెండుసార్లు గీశాడు. తన సమగ్ర సంపుటాల కోసం ఆ 1947 ట్రెజర్ ఐలండ్‌ను మొత్తం తిరిగి గీశాడు. అసలు ప్రతి 2009లో గాని మళ్ళీ అచ్చుకాలేదు. పాత్రలనూ అలాగే నటులలా వాడుకునేవాడు. ఎన్టీఆర్ ఒక సినిమాలో కృష్ణుడు, ఇంకోదానిలో రావణుడు అయినట్టు, ఒకే ముఖం ఒక కథలో మంచివాడు, ఇంకో కథలో దుర్మార్గుడు.

దివాలా నాటికి ఆయన పని అయిపోయిందన్నారు. అదే 1973లో లైసెన్సు లేని శస్త్రచికిత్సకుడు బ్లాక్ జాక్ కథ మొదలుపెట్టి తిరిగి నిలబడ్డాడు. మన సిద్ధార్థుడి జీవితాన్ని బుద్ధ పేరుతో 1972 నుంచి 1983 దాకా గీశాడు. మొత్తం మీద లక్షన్నర పుటలంటారు.

కడుపులో క్యాన్సర్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ పెన్సిలు వదల్లేదు. 1989 ఫిబ్రవరి 9న 60వ ఏట పోయారు. అప్పటికి చేతిలో ఉన్న పనుల్లో ఒకటి ఫౌస్ట్ కథ. 1950లో కుర్రవాడిగా ఒకసారి గీశాడు. 1971లో దాన్నే సమురాయిల కాలానికి మార్చి రెండోసారి గీశాడు. మూడోసారి కొత్త జపాన్‌లో పెట్టి మొదలుపెట్టాడు, అది మధ్యలోనే ఆగింది.