కాయకష్టమునకు గౌరవము దెచ్చిన బుకర్ వాషింగ్టను

చదువుకొన్నవాడు గునపము పట్టరాదనియు, గునపము పట్టువానికి చదువుతో పనిలేదనియు తలచుట లోకమున చిరకాలమునుండి వచ్చుచున్న భ్రమ. ఈ భ్రమను తొలగించుటకై జీవితమును ధారపోసిన మహనీయులలో అమెరికాదేశపు నల్లజాతి విద్యాదాత బుకర్ టి. వాషింగ్టను అగ్రగణ్యుడు.

ఆయన 1856వ సంవత్సరమున వర్జీనియా రాష్ట్రమందలి యొక తోటలో బానిసగా జన్మించెను. తల్లి ఆ తోటలో వంటకత్తె. తండ్రి యెవరో ఆయన యెరుగడు. యజమానుని కుమార్తె పుస్తకములు మోసికొని పాఠశాల వాకిలివరకు పోవుటయే బాల్యమున ఆయనకు దక్కిన విద్యాభాగ్యము. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలు విముక్తులైరి. కుటుంబము మాల్డెను అను ఊరికి వలసపోయెను. అచ్చట బాలుడు ఉప్పుబట్టీలలోను, బొగ్గుగనిలోను కూలిచేసెను. ఒకనాడు గనిలో ఇద్దరు కూలీలు మాటలాడుకొనుచుండగా, బీద విద్యార్థులు పనిచేసి భోజనవ్యయము తీర్చుకొనుచు వృత్తివిద్య నేర్వదగిన పాఠశాల హాంప్టనులో కలదని ఆయన చెవినిబడెను. ఆనాటినుండి ఆయనకు వేరు చింత లేకపోయెను.

1872లో, పదునారేండ్ల ప్రాయమున, సుమారు 500 మైళ్ల దూరము కొంత బండ్లమీదను, కొంత కాలినడకను సాగించెను. రిచ్మండు నగరము చేరునప్పటికి చేత కాసు లేదు. రాత్రులు వీథిప్రక్క నడచుటకు పరచిన చెక్కపలకల క్రింద పరుండి, పగలు ఓడనుండి ఇనుము దింపి కూలి గడించెను. హాంప్టనులో ప్రధానోపాధ్యాయిని ఆయన మాసిన బట్టలను చూచి సంశయించి, ఒక గదిని ఊడ్వుమనెను. ఆయన మూడుమారులు ఊడ్చి, నాలుగుమారులు దుమ్ము తుడిచెను. ఆమె చేతిరుమాలుతో బల్లలు రుద్ది చూడగా మరక యంటలేదు. అదియే ప్రవేశపరీక్ష. చదువునకు చోటు దొరకెను. వ్యయమునకు సరిపడ గదులు శుభ్రపరచు పనియు దొరకెను.

1881లో అలబామా రాష్ట్రమున టస్కీగీ అను ఊర నల్లవారికొక పాఠశాల నెలకొల్పుటకు ఆయన పిలువబడెను. ఆ ప్రయత్నమునకు మూలపురుషులలో ఒకడగు లూయీ ఆడమ్సు పూర్వము బానిస. బడి మెట్టెక్కకయే చెప్పులు కుట్టుటయు, రేకుపనియు నేర్చినవాడు. శాసనసభ ఉపాధ్యాయుల జీతములకు సాలుకు 2,000 డాలర్లు మంజూరు చేసెను. భూమికిగాని, భవనమునకుగాని అందు చిల్లిగవ్వ లేదు. జులై 4వ తేదీన 30 మంది విద్యార్థులతో ఒక శిథిలగృహమున పాఠశాల ఆరంభమయ్యెను. వాన కురిసినపుడు ఒక విద్యార్థి గొడుగుపట్టగా ఆయన తక్కినవారి పాఠము లొప్పగించుకొనెడివాడు. కొలదికాలమునకే 500 డాలర్లకు ఒక పాడుబడిన తోటను బేరమాడి, అందు సగము హాంప్టను కోశాధికారియొద్ద అప్పుదెచ్చి చెల్లించెను.

కాని అసలు కష్టము ధనమునందు లేదు, మనస్సులయందుండెను. కొరడాకు వెరచి చేసిన చాకిరిని మరువని తల్లిదండ్రులు, తమ బిడ్డలు బడికిపోయియు మరల చాకిరి చేయుటకు సమ్మతింపరైరి. కొందరు ఉత్తరములు వ్రాసిరి. కొందరు స్వయముగా వచ్చి వాదించిరి. విద్యార్థులలో అంతకుమున్ను బడిపంతుళ్లుగా నుండినవారు కలరు. పొలము బాగుచేయుట తమ గౌరవమునకు తగదని వారు తలచిరి. వాషింగ్టను వాదమునకు దిగలేదు. మధ్యాహ్నము పాఠములు ముగియగనే గొడ్డలి గైకొని తానే ముందుగా అడవికి నడచెను. అది చూచి సిగ్గిలి వారును వెంబడించిరి. 20 ఎకరములు బాగుపడి పైరు వేయబడెను.

పిమ్మట భవనములకు ఇటుకలు కావలసివచ్చెను. ఆ ఊర ఇటుక ఆవము లేదు. మోకాలిలోతు బురదలో నిలిచి మట్టి త్రొక్కుట సహింపజాలక కొందరు బడి విడిచిపోయిరి. 25,000 ఇటుకలు పేర్చిన మొదటి ఆవము చెడిపోయెను. రెండవదియు చెడెను. మూడవది కాలుటకు వచ్చి, తుదిదినములలో ఒక అర్ధరాత్రమున కూలిపడెను. చేత డాలరైన లేదు. ఆయన తన గడియారమును తాకట్టుపెట్టి 15 డాలర్లు తెచ్చి నాలుగవ ఆవము వేయించెను. అది చక్కగా కాలెను. గడువు దాటిపోయి ఆ గడియారము మరల చేతికి రాలేదు. కాని నల్లవారి చదువన్న గిట్టని తెల్లవారు సైతము మంచి ఇటుకలకై ఆ బడి వాకిటికి రాసాగిరి.

1884లో రాత్రిపాఠశాల వెలసెను. మిక్కిలి బీదవారు పగలు పదిగంటలు వృత్తిపని చేసి, రాత్రి రెండుగంటలు చదువుచుండిరి. వారి కూలిలో అధికభాగము బడి లెక్కలో నిలువచేసి, పిదప పగటి తరగతిలో చేరినపుడు వారి భోజనవ్యయమునకు జమకట్టుచుండిరి. 1901 నాటికి ఉన్న 40 భవనములలో నాలుగుదప్ప తక్కినవన్నియు విద్యార్థుల చేతులతో కట్టబడినవే. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికానుండి 1903లోనే ఈయన చరిత్రను తన పత్రికయందు ప్రకటించి కొనియాడెను.

ఆయనను విమర్శించినవారును కలరు. ఓటుహక్కు, సమానత్వములకై తొందరపడక ముందు వృత్తులయందు నిలద్రొక్కుకొనవలెనని 1895లో అట్లాంటా నగరమున ఆయన చేసిన ఉపన్యాసమును పండితుడగు డు బోయిస్ 1903లో ఖండించెను. హక్కు లేనివాడు గడించిన ఆస్తికి రక్షణ లేదనియు, ఉన్నతవిద్య లేనిదే జాతికి నాయకులు పుట్టరనియు ఆయన వాదము. తెల్లవారి మూకలు నల్లవారిని పట్టి చంపుచుండిన ఆ దినములలో ఈ విమర్శ త్రోసివేయదగినది కాదు. ఓటుహక్కు వ్యాజ్యములకు వాషింగ్టను రహస్యముగా ధనమిచ్చినట్లు ఆయన మరణానంతరము వెల్లడియైనది. బహిరంగముగా పలుకజాలని మాటకు ఆయన చాటుగా మూల్యము చెల్లించెను.

1915 నవంబరు 14వ తేదీన ఆయన టస్కీగీలోనే కన్నుమూసెను. 1917లో అమెరికా ప్రభుత్వము ఉన్నతపాఠశాలలలో వ్యవసాయమును, చేతివృత్తులను బోధించుటకు ధనసహాయము చేయు చట్టము గావించెను. నల్లజాతి పాఠశాలలలో సేద్యము నేర్చు బాలురు తమ సంఘములను గూర్చుకొని, 1935లో న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా అను దేశవ్యాప్త సంఘముగా ఏకమైరి. ఆ తొలి సమావేశము జరిగినది టస్కీగీలోనే. 1965లో ఆ సంఘము తెల్లజాతి బాలుర సంఘముతో కలిసిపోయెను.

చేతిపని యొక్కటియే మనుజునకు చాలదని డు బోయిస్ చెప్పినది సత్యము. చేతిపనిని చిన్నచూపు చూచు చదువు చదువు కాదని వాషింగ్టను చేసి చూపినదియు సత్యము. పుస్తకమును, గునపమును ఒక్క చేతనే పట్టనేర్చిన బాలుడు ఈ రెండు సత్యములకును వారసుడు.