స్పాంజ్‌బాబ్ సినిమా అంకితం ఈ గురువుకే.. ఎవరీ జూల్స్ ఎంగెల్? ఆయన దగ్గర చదివినవాళ్లు ఏమయ్యారు?

స్పాంజ్‌బాబ్.. పిల్లలున్న ఇంట్లో పెద్దగా పరిచయం అక్కర్లేని పేరు. సముద్రం అడుగున ఉండే ఈ పసుపు రంగు కార్టూన్ హీరోతో 2004లో మొదటి సినిమా థియేటర్లకు వచ్చింది. కోట్ల మంది చూసే ఆ సినిమాను స్పాంజ్‌బాబ్ సృష్టికర్త స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ ఏ స్టార్‌కో, ఏ స్టూడియో ఓనర్‌కో కాదు, తన కాలేజీ మాస్టారికి అంకితమిచ్చారు. ఆయన పేరు జూల్స్ ఎంగెల్. అప్పటికి ఆయన కన్నుమూసి ఏడాది దాటింది. ఇంతకీ ఎవరీ ఎంగెల్? ఒక లెక్చరర్‌కి అంత గౌరవం ఎందుకు? వివరాల్లోకి వెళ్తే..

కుక్కగొడుగుల డ్యాన్స్‌తో మొదలు

జూల్స్ ఎంగెల్ 1909 మార్చి 11న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టారు. 13 ఏళ్ల వయసులో అమెరికా వచ్చి, షికాగో దగ్గరున్న ఎవాన్‌స్టన్‌లో స్కూల్ చదువు చదివారు. బొమ్మలు గీయడం, బ్యాలే డ్యాన్స్ చూడడం.. చిన్నప్పటి నుంచీ ఈ రెండూ పిచ్చే. తర్వాత లాస్ ఏంజెలెస్ చేరి కార్టూన్ స్టూడియోల్లో పని వెతుక్కున్నారు.

1930ల చివర్లో డిస్నీ స్టూడియో పిలిచింది. 'ఫాంటాసియా' సినిమాలో కొన్ని డ్యాన్స్ ఘట్టాలకు బ్యాలే తెలిసిన ఆర్టిస్ట్ కావాల్సి వచ్చింది. 1940లో వచ్చిన ఆ సినిమాలో చైనీస్ డ్యాన్స్ ఉంటుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌ మీద చిన్న చిన్న కుక్కగొడుగులు అడుగులు వేస్తుంటాయి. చెట్లు, గుట్టలు, సెట్టింగులు ఏవీ కనిపించవు. కదలిక తప్ప చూడడానికి వేరే ఏమీ లేకపోయినా కళ్లు తిప్పుకోలేం. ఆ ఘట్టం రూపకల్పనలో ఎంగెల్ చెయ్యి ఉంది. ఆ తర్వాత 'బాంబీ' సినిమాకి రంగుల విషయంలో పనిచేశారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక సైన్యంలో చేరి, సైనికుల శిక్షణ కోసం సినిమాలు తీసే యూనిట్‌లో పనిచేశారు. యుద్ధం ముగిశాక యూపీఏ అనే కొత్త స్టూడియోకి వెళ్లారు. డిస్నీలో 1941 సమ్మె తర్వాత బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న సంస్థ అది. నిజమైన జింకలా కనిపించే జింక బొమ్మ డిస్నీది. నాలుగు గీతలు, రెండు రంగులతో కథ చెప్పేయడం యూపీఏది. 'జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్' అనే వాళ్ల పొట్టి సినిమాకి 1951లో ఆస్కార్ వచ్చింది. ఆ రంగుల వెనక ఉన్నవాళ్లలో ఎంగెల్ ఒకరు. 1959లో స్నేహితులతో కలిసి ఫార్మాట్ ఫిల్మ్స్ పెట్టారు. అక్కడ తీసిన 'ఇకారస్ మాంట్‌గోల్ఫియర్ రైట్' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

అరవై దాటాక అసలు ఉద్యోగం

వాల్ట్ డిస్నీ చివరి రోజుల్లో ఒక ఆర్ట్ కాలేజీ గురించి బాగా కలలు కన్నారు. 1961లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చిత్రకళా విద్యాలయాన్ని, ఒక సంగీత విద్యాలయాన్ని కలిపి క్యాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌కి పునాది వేశారు. అందరూ దాన్ని క్యాల్‌ఆర్ట్స్ అంటారు. 1966లో డిస్నీ చనిపోయారు. 1970లో క్లాసులు మొదలయ్యాయి. యానిమేషన్ విభాగాన్ని నిలబెట్టే పని అరవై దాటిన ఎంగెల్‌కు అప్పగించారు. మామూలుగా రిటైర్ అయ్యే వయసులో ఆయన కొత్త జీవితం మొదలుపెట్టారు. ఎక్స్‌పెరిమెంటల్ యానిమేషన్ అనే ఆ విభాగాన్ని దాదాపు 30 ఏళ్లకు పైగా చూసుకున్నారు.

1975లో అదే కాలేజీలో క్యారెక్టర్ యానిమేషన్ అని ఇంకో విభాగం వచ్చింది. డిస్నీ సీనియర్లు అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు. బొమ్మకి ప్రాణం ఎలా పోయాలో పద్ధతిగా నేర్పించేవాళ్లు. జాన్ లాసెటర్, బ్రాడ్ బర్డ్, టిమ్ బర్టన్ అక్కడి నుంచే వచ్చారు. ఎంగెల్ దారి వేరు. ఆయన దగ్గర ఫలానా స్టైల్‌లోనే గీయాలన్న రూల్ లేదు. విద్యార్థి తన మనసులో ఉన్న సినిమాని తనే మొదలుపెట్టాలి, తనే పూర్తి చేయాలి.

సగంలో ఎందుకు ఆగిపోతాయి?

వినడానికి తేలిగ్గానే ఉంది కదా? ఒక్కసారి లెక్క వేసి చూడండి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేమ్‌లు. మూడు నిమిషాల సినిమా అంటే 4,320 ఫ్రేమ్‌లు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేమ్‌ల పాటు నిలిపినా 2,160 బొమ్మలు గీయాలి. రోజుకి పది గీసే విద్యార్థికి 216 రోజులు.. అంటే ఏడు నెలలు. అది కూడా ఒక్క బొమ్మ కూడా చెత్తబుట్టలోకి పోకుండా ఉంటేనే! ఆ పైన రంగులు, కెమెరా, సౌండ్, ఎడిటింగ్.

మూడో నెలలో మొదటి ఆలోచన పాతదైపోతుంది. పక్కవాడి సినిమా బాగుందనిపిస్తుంది. కథ మార్చేద్దామా, స్టైల్ మార్చేద్దామా అని గుంజాటన. యానిమేషన్ విద్యార్థుల సినిమాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. చెయ్యి తిరగక ఆగేవి తక్కువే. ఇది నా సినిమాయేనా అన్న అనుమానంతో ఆగేవే ఎక్కువ.

ఎంగెల్ పద్ధతి సరిగ్గా ఈ అనుమానానికే మందు. ఒక్కో విద్యార్థి పనిని విడిగా చూసేవారు. తన సినిమాలా తీయమని ఎవరినీ అడగలేదు. ఎవరి దగ్గర ఏముందో కనిపెట్టి, దాని మీదే నిలబడమనేవారు. ఆ ఆలోచన విద్యార్థి సొంతమైతే ఏడు నెలల చాకిరీ కూడా భరించగలడన్నది ఆయన పాఠాల సారం.

ఆయన కూడా ఊరికే కూర్చోలేదు. పాఠాలు చెప్తూనే 'ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్', 'వెట్ పెయింట్' లాంటి సొంత సినిమాలు తీశారు. వాటిలో కథ ఉండదు, పాత్రలు ఉండవు. గీతలు, ఆకారాలు, రంగులే ఆడుతుంటాయి. డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్న మాస్టారే బొమ్మ తర్వాత బొమ్మ గీస్తుంటే, పాతికేళ్ల విద్యార్థి అలిసిపోయానని ఎలా చెప్తాడు?

సముద్రం పాఠాల టీచర్ వచ్చిన వేళ

1989లో హిల్లెన్‌బర్గ్ ఈ విభాగంలో చేరారు. అంతకుముందు ఆయన ఒక సముద్ర విజ్ఞాన కేంద్రంలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. అలల అంచున బతికే జీవుల గురించి 'ది ఇంటర్‌టైడల్ జోన్' అనే బొమ్మల పుస్తకం గీశారు. అందులో ఒక స్పాంజ్ కూడా ఉంది. దాని పేరు బాబ్.

బయాలజీ వదిలేసి, 28 ఏళ్ల వయసులో మళ్లీ స్టూడెంట్ అవ్వడం మాటలు కాదు. సినిమా అనుభవం పెద్దగా లేని అతన్ని ఎంగెల్ చేర్చుకున్నారు. సైన్స్ మీద అతనికున్న ఇష్టాన్ని పక్కన పెట్టించలేదు. హిల్లెన్‌బర్గ్ 1992లో పూర్తి చేసిన 'వర్మ్‌హోల్స్' కూడా సైన్స్ నుంచి పుట్టిందే. దానికి ఆధారం సాపేక్ష సిద్ధాంతం.

ఆ చిన్న సినిమా యానిమేషన్ ఫెస్టివల్‌కి వెళ్లింది. 'రాకోస్ మోడర్న్ లైఫ్' సీరియల్‌కి డైరెక్టర్ల కోసం వెతుకుతున్న జో మర్రే దాన్ని చూసి ఉద్యోగం ఇచ్చారు. అక్కడ పని నేర్చుకున్న హిల్లెన్‌బర్గ్, 1999లో స్పాంజ్‌బాబ్‌ని టీవీకి తెచ్చారు. 'వర్మ్‌హోల్స్' సగంలో ఆగిపోయి ఉంటే మర్రేకి చూపించడానికి ఏముండేది? కళ విషయంలో తనకు ఎంగెల్ తండ్రి లాంటివారని హిల్లెన్‌బర్గ్ చెప్పుకునేవారు.

శిష్యుల లిస్ట్ చూస్తే..

హిల్లెన్‌బర్గ్ ఒక్కరే కాదు. 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్', 'కోరలైన్' తీసిన హెన్రీ సెలిక్ ఎంగెల్ దగ్గర చదివినవారే. 'కుంగ్ ఫూ పాండా' దర్శకుల్లో ఒకరైన మార్క్ ఆస్‌బోర్న్, 'మడగాస్కర్' దర్శకుల్లో ఒకరైన ఎరిక్ డార్నెల్ కూడా ఈ విభాగం నుంచే వచ్చారు. 'ద లిటిల్ మెర్మెయిడ్'లో ఏరియల్‌కి ప్రాణం పోసిన గ్లెన్ కీన్‌ది ఇంకో కథ. పెయింటింగ్ నేర్చుకుందామని క్యాల్‌ఆర్ట్స్‌కి దరఖాస్తు పెడితే, పొరపాటున యానిమేషన్‌లో పడి ఎంగెల్ దగ్గరికి చేరారు.

గమనించారా? ఒకరిది పుల్లల్లాంటి కాళ్ల బొమ్మలతో చీకటి కథ, ఒకరిది కంప్యూటర్ జంతువుల కామెడీ, ఒకరిది పెన్సిల్ గీత, ఒకరిది సముద్రంలో అల్లరి. ఒక్కరి సినిమా కూడా ఎంగెల్ సినిమాలా ఉండదు, ఒకరిది ఇంకొకరిలా ఉండదు. గురువుగా ఆయన సాధించింది ఇదే.

2003 సెప్టెంబర్ 6న 94 ఏళ్ల వయసులో ఎంగెల్ కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన విభాగం ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి స్పాంజ్‌బాబ్ మొదటి సినిమా చూస్తే, చివర్లో పేర్లు వచ్చేటప్పుడు ఛానల్ మార్చకండి. అందులో ఒక మాస్టారి పేరు ఉంటుంది.